పడమటి నీళ్లు, తూర్పు గాలి

మా చిన్నప్పుడు వానాకాలం వచ్చిందని మాకు చెప్పేది మబ్బు కాదు, కాలవ. ఎండాకాలమంతా కట్టేసిన కాలవలో పిల్లలం గోళీలాడుకునేవాళ్లం. ఒకరోజు ఎవరో "తెనాలి దాకా వచ్చేసినయ్యంట నీళ్లు" అనేవాళ్లు. ఆ మర్నాడు చెత్తనీ నురగనీ తోసుకుంటూ బురదనీళ్లు మా వేమూరు వైపు దిగేవి. నెత్తిన ఎండ మాడుస్తూనే ఉండేది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కుమ్మరించిన వానని, మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ మోసుకొచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర మా కాలవలకిచ్చేది. అందుకే తాతయ్య పేపరు తీస్తే ముందు శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటిమట్టాలు చూసేవాడు.

నీళ్లొస్తే మంచినీళ్ల చెరువు నిండేది, ఎరువుల కొట్లో అప్పు పుట్టేది. రేపల్లె పాసింజరెక్కితే భట్టిప్రోలు దాటేవరకూ రెండు పక్కలా నాట్లే.

కార్తీకమాసం వచ్చేసరికి అందరి చూపూ తూర్పుకి తిరిగేది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, అన్నానికి బంగారం. కానీ చేతికి రావడానికి దాదాపు 150 రోజులు. సరిగ్గా ఈశాన్య రుతుపవనాలప్పుడే, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే రోజుల్లోనే కోతలు. రేడియోలో "నిజాంపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక" అనగానే నాన్న పనలు కుప్ప వేయించడానికి లాంతరు పట్టుకుని పరుగెత్తేవాడు. బాపట్లలో అమ్మమ్మ మాత్రం వడ్ల గురించి అడిగేది కాదు. 1977 నవంబరు 19 నాటి తుపాను చూసిన మనిషి. ఏటికవతల దివిసీమలో ఉప్పెన వేలమందిని మింగిన రోజు అది. గాలి హోరెత్తితే మమ్మల్నందర్నీ డాబా ఉన్న ఇంటికి పంపించేది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రోజుల ముందే ఫోన్లన్నిట్లో దాని దారి కనిపిస్తోంది. బాబాయికి ఫోన్ చేసి కుప్పలేశారా అని అడిగాను. "తుపాను సంగతి ముందే తెలుస్తోందిరా. చేను ముందు పండొద్దూ?" అన్నాడు.