తేనీటి మరక

ఛత్తా బజారు శుభలేఖల యంత్రాల చప్పుడు నడుమ మాదొక చిన్న కాగితాల దుకాణం. 1908లో డమాస్కస్ నుండి మదీనా చేరిన హిజాజ్ రైలు, బొంబాయి నుండి జిద్దాకు హాజీలను మోసిన ఓడలు మా నోటుపుస్తకాల మీది బొమ్మలు. కాగితాన్ని తేనీటిలో తడిపి ఆరబెడితే పాతకాలపుదిగా కనిపిస్తుంది. ముడతలు పడకుండా ఆరబెట్టడమే కష్టం.

ఒకనాడు ఒక వృద్ధుడు ఓడ టికెట్టు కార్డును వణికే చేతులతో పట్టుకుని, “మా అబ్బాజాన్ ఇటువంటి ఓడలోనే వెళ్లారు. ఇది అసలుదేనా బేటా?” అని అడిగారు. పదింతల ధర ఇస్తామన్నారు. ఆ నెల అద్దె మేమింకా కట్టలేదు. మదీనా అంగడిలో పైన పొడిగా ఉన్న ధాన్యపు కుప్పలోకి దైవప్రవక్త (స) చేయి పెట్టగా తగిలిన తడి మాకు గుర్తుకొచ్చింది.

“కాదు చాచా, మేము చేసినదే” అన్నాము.

ఆయన కార్డును మెల్లగా బల్లపై ఉంచి వెళ్లిపోయారు. నాటి నుండి ప్రతి కార్డు వెనుక ‘కొత్తది’ అని ముద్రిస్తున్నాము. అమ్మకాలు కొంత తగ్గాయి. అద్దె ఆలస్యంగా కట్టాము.