మ్యాపు సముద్రంలో తేలితే...

జీఐఎస్‌లో పనిచేసేవాళ్ళకి ఇది మామూలే. హైదరాబాద్ చెరువుల లేయరు తెరిస్తే అది ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతుంది! కారణం చిన్నదే. 78, 17 అనే డిగ్రీలని సాఫ్టువేరు మీటర్లనుకుంది, అంతే.

అప్పుడు చాలామంది కంగారుగా రీప్రొజెక్ట్ నొక్కేస్తారు. దాంతో తప్పు లేబుల్‌ని నమ్మి అంకెలన్నీ కూడా మారిపోతాయి. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసుంటే చీటీ మార్చాలి గానీ, ఉప్పుతో పాకం పడతామా? ముందు సరైన సీఆర్ఎస్ పెట్టండి, రీప్రొజెక్షన్ ఆ తర్వాత.

సముద్రంలో తేలే తప్పు నయం, కంటికి కనిపిస్తుంది. నాకు భయమల్లా కనిపించనిదంటేనే. వెబ్ మెర్కేటర్‌లో (3857) మ్యాపు చక్కగా కూర్చుంటుంది. పోస్ట్‌జిస్‌లో దాని మీదే ఎస్‌టీ_ఏరియా నడిపితే మాత్రం హైదరాబాద్ దగ్గర వైశాల్యం దాదాపు 10 శాతం ఎక్కువొస్తుంది. 100 ఎకరాలు 110 అవుతాయన్నమాట! ఆ అంకెతో భూసేకరణ పరిహారం లెక్కకడితే?

యూటీఎం 44వ జోన్‌లోకి మార్చి కొలిస్తే ఆ తేడా చాలా చిన్నది. అదీ 78 డిగ్రీల నుంచి 84 దాకానే. అనంతపురం 43లోకి, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి.

మ్యాపు బాగా కనిపిస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టు కాదు. రిపోర్టు పంపేముందు ఓసారి ప్రొజెక్షన్ చూడండి బాబూ, అవతల ఉన్నది ఎవరిదో పొలం!