ఆదివారం సెల్ఫ్

2025 జూలై 1, మంగళవారం

ఇవాళ్టి నుంచి ఢిల్లీ బంకుల్లో కెమెరాలు నంబరు ప్లేట్లు చదువుతాయట. డీజిలు బండికి పదేళ్ళు, పెట్రోలు బండికి పదిహేనేళ్ళు దాటితే చుక్క కూడా పొయ్యరు. మా మారుతి 800కి కిందటేడాది సెప్టెంబరులోనే పదిహేనేళ్ళు నిండాయి. అప్పట్నుంచీ మయూర్ విహార్‌లో మా సొసైటీ పార్కింగులో ముసుగేసుకుని ఉంది. ఆదివారం పొద్దున్నే ముసుగు తీసి, సెల్ఫ్ కొట్టి, ఐదు నిమిషాలు ఇంజను తిరగనిచ్చి ఆపేస్తాను. ఎక్కడికీ వెళ్ళని బండికి ఇంత సేవ ఎందుకని మా ఆవిడ మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగట్లేదు.

జూలై 9

బంకుల ఆంక్ష నవంబరుకు వాయిదా.

యాభై ఏళ్ళు దాటి, మార్పుల్లేకుండా ఉన్న బండికి ‘వింటేజ్’ హోదా ఉంది. 2021 నుంచి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు కూడా ఇస్తున్నారు. ఇదే ఊళ్ళో 1964 నుంచి స్టేట్స్‌మన్ ర్యాలీ జరుగుతోంది. ముత్తాతల కాలం నాటి కార్లు ఇత్తడి హారన్లు తళతళలాడించుకుంటూ వస్తుంటే జనం దారి ఇచ్చి చప్పట్లు కొడతారు. పసితనానికి ముద్దు, పండుతనానికి దండం. మధ్యలో ముప్పై అయిదేళ్ళు మాత్రం ఎక్కడైనా దాక్కోవాలి.

ఆగస్టు 12

వయసు ఒక్కటే చూసి బండ్ల మీద చర్య తీసుకోవద్దని సుప్రీంకోర్టు. తెనాలికి ఫోన్ చేసి చెప్పాను. నాన్న విని, “సరేగానీ, క్లచ్ ఎలా ఉంది?” అన్నాడు.

సెప్టెంబర్ 20, శనివారం

క్లచ్ వైరు తుప్పుకు బిగుసుకుపోయింది. కశ్మీరీ గేటుకు వెళ్ళాను. అక్కడి సందుల్లో బేరింగులు బియ్యం బస్తాల్లా పేర్చి ఉంటాయి. పాత వైరు కౌంటరు మీద పెట్టాను. ముసలి దుకాణదారు ఏ కారని అడగలేదు. కళ్ళజోడు కోసమూ వెతకలేదు. వైరు పొడవునా రెండు వేళ్ళు జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు. అక్కడ రెండు పోగులు తెగి ఉన్నాయి, నేనే చూడలేదు. “ట్రాఫిక్ జాముల్లో బతికిన బండి బాబూజీ,” అని లోపలికి తిరిగి, “ఆఠ్ సౌ కా క్లచ్!” అని కేకేశాడు.

పన్నెండేళ్ళు నేను ఐటీవో వంతెన మీద పడిన బాధంతా ఆయన వేళ్ళకు తెలిసిపోయింది.

అక్టోబర్ 30, గురువారం

2011లో సరిగ్గా ఇదే రోజు, ఆదివారం. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్, మన దేశంలో మొదటి ఫార్ములా వన్ పందెం. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టి రిటైరైన నాన్నను వెంటబెట్టుకెళ్ళాను. శుక్రవారం ప్రాక్టీసులో వీధికుక్క ట్రాక్ మీదికొచ్చి కార్లను ఆపేసిందని తెలిసి తెగ నవ్వాడు. “మన దేశంలోనే జరుగుతోందని నమ్మకం కుదిరిందిరా.”

పందెం మొదలవగానే చుట్టుపక్కల వాళ్ళంతా చెవుల్లో బిళ్ళలు పెట్టుకున్నారు. 2.4 లీటర్ల వీ8 ఇంజను, నిమిషానికి 18,000 చుట్లు. ఆ చప్పుడు చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. నాన్న మాత్రం తనకిచ్చిన బిళ్ళలు జేబులో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. అరవై ల్యాపుల్లో వెటెల్ గెలిచాడు. మన నారాయణ్ కార్తికేయన్ వెనకెక్కడో ఉన్నాడు. ఎవరు ముందో నాన్నకు పట్టలేదు. మలుపు దగ్గర గేర్లు దిగుతుంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇంటికొచ్చే దారిలో ఒక్కటే మాట: “అంత వేగంలోనూ వాడు ఇంజను మాట వింటున్నాడ్రా. అందుకే అది వాడి మాట వింటోంది.”

వెటెల్ తర్వాతి రెండేళ్ళూ ఇక్కడే గెలిచాడు. 2013లో నాలుగో టైటిల్ ఖాయమవగానే స్టాండ్ల ముందు కారును గిరగిరా తిప్పి పొగ లేపి, దిగి దానికి దండం పెట్టాడు. అలా తిప్పినందుకు జరిమానా పడింది. దండానికి కాదు. ఫార్ములా వన్ మళ్ళీ ఇటు రాలేదు. ఇది ఆట కాదు వినోదం అంటూ రాష్ట్రం పన్ను వేసిన గొడవ అందుకు ఒక కారణం.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందేనికి కూడా నాన్నను తీసుకెళ్ళాను. కరెంటు కార్లు. టైర్ల కీచు, సన్నటి ఈల, అంతే. “బాగుంది. కానీ నాకు భాష రాదు,” అన్నాడు.

నవంబర్ 16, ఆదివారం

కాలుష్యం పెరిగి ‘గ్రాప్’ ఆంక్షల మూడో దశ. బీఎస్-3 పెట్రోలు కార్లు రోడ్డెక్కకూడదు. మాది బీఎస్-3. ఎలాగూ ఎక్కట్లేదు. సెల్ఫ్ కొట్టబోతుంటే పై ఫ్లాటు కిటికీలోంచి గుర్రుమని సన్నటి చప్పుడు. పిల్లాడికి నెబులైజర్ పెట్టారు. అదీ మోటారే. తాళంచెవి తీసేసుకుని పైకి వచ్చేశాను.

డిసెంబర్ 14

నాలుగు ఆదివారాలు ముట్టుకోలేదు. బ్యాటరీ దిగిపోయింది.

1983లో ఇదే రోజున మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీవాసి హర్పాల్ సింగ్ అందుకున్నాడు. 2010లో పోయేదాకా ఆయన ఆ కారును అమ్ముకోలేదు. కొత్త మోడళ్ళు ఎన్నో వచ్చాయి. ఆ పక్కసీటులో కూర్చున్న మనుషులు మాత్రం వేరే కార్లతో రారు కదా.

మా కారు 2012లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఎంచింది నాన్నే. రంగు చూడలేదు, మీటరు చూడలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని డాక్టరులా విన్నాడు. మూడు కార్లు వద్దన్నాడు. నాలుగోదాని దగ్గర తల ఊపాడు.

డిసెంబర్ 18

నిన్న సుప్రీంకోర్టు మాట సవరించుకుంది. బీఎస్-4, ఆపైన ఉన్న బండ్లకే రక్షణ. పై ఫ్లాటు పిల్లాడి గురించి, కారు గురించి రాత్రంతా ఆలోచించాను. స్క్రాపుకు మనసొప్పలేదు. ఎన్‌ఓసీ తీసుకుని తెనాలి పంపేస్తాను.

2026 ఫిబ్రవరి 8, ఆదివారం

కార్లు మోసుకెళ్ళే ట్రక్కు గేటు బయట ఆగింది. కొత్త బ్యాటరీ. రెండోసారికి అందుకుంది. నాన్నకు ఫోన్ కలిపి, బానెట్ ఎత్తి, ఇంజను పక్కన పెట్టాను. అటువైపు చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

“ఒరేయ్, మిస్సింగు ఉంది. మూడు సిలిండర్లలో ఒకటి అందుకోవట్లేదు. రానియ్, ప్లగ్గు నేను చూస్తాలే. ఇంకాస్త దగ్గర పెట్టు.”

ట్రక్కు డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఒక్క నిమిషం ఆగమని సైగ చేశాను. నాన్న ఇంకా వింటున్నాడు.