లెవీ హయాం

టాటెన్‌హామ్ అభిమానులు ఇద్దరు కలిస్తే డానియెల్ లెవీ పేరు రాక తప్పదు. 2001 నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఈ లండన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు చైర్మన్ ఆయనే.

మెచ్చేవాళ్లు ముందుగా కొత్త స్టేడియం గురించి చెబుతారు. 2019లో తెరిచారు, 62 వేలకు పైగా సీట్లు. గారెత్ బేల్‌ను 2013లో రియల్ మాడ్రిడ్‌కు భారీ ధరకు అమ్మిన బేరమూ గుర్తుచేస్తారు. మరి ఆ డబ్బుతో అదే వేసవిలో తెచ్చిన ఏడుగురు ఆటగాళ్లలో ఎరిక్సన్ తప్ప ఎవరు మెరిశారని ఎదుటివాళ్ల ప్రశ్న.

అసలు కోపం కోచ్‌ల దగ్గర. 2018 వేసవిలో క్లబ్ ఒక్క ఆటగాణ్ణీ కొనలేదు. అయినా అప్పటి కోచ్ పొచెటినో జట్టును 2019 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చాడు. ఆ ఏడాది నవంబర్‌లోనే తీసేశారు! మొరీన్యోనైతే 2021లో లీగ్ కప్ ఫైనల్ ఆరు రోజుల్లో ఉందనగా పంపేశారు. పోస్టెకోగ్లూ 2025 మేలో యూరోపా లీగ్ గెలిపించాడు. 16 రోజులకే ఉద్వాసన. ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానం దారుణమే, కాదనలేం. కానీ అభిమాని గుండెకు ఆ కప్పు విలువ వేరు.

ఖజానాను లెవీ బాగా కాపాడారు. అడిగిన ఆటగాళ్లను వేళకు ఇవ్వకుండా కోచ్‌లను మార్చడం మాత్రం ఆయన పెద్ద తప్పు. దాదాపు పాతికేళ్లలో దక్కిన పెద్ద ట్రోఫీలు రెండే: 2008 లీగ్ కప్, 2025 యూరోపా లీగ్.