నంబర్ కలవలేదు

అన్నయ్య ఇంగ్లండ్‌లో చదువుకి చేసిన అప్పు పోయిన నెలే తీరింది. ఈ ఆదివారం సెకండ్‌హ్యాండ్ కిట్ కారు చూడ్డానికి వెళ్లి వీడియో కాల్ చేశాడు. 1957 నాటి లోటస్ సెవెన్ తరహా బండి. తలుపుల్లేవు, పైకప్పు లేదు, బరువు మన ఆల్టో కంటే తక్కువ! ఎవరో ఇంట్లోనే బిగించుకున్నారట. నాకైతే పిచ్చెక్కింది.

"కాగితం ఫొటో పంపాను, ఛాసిస్ నంబర్ టాలీ చెయ్యరా" అన్నాడు.

కాగితంలో ఇంకా ఫోర్డ్ సియెర్రా అనే ఉంది. ఇంజిన్ ఇచ్చిన పాత కారు అది. నంబర్ కూడా దానిదే. ఇలాంటిది కొంటే ఐవీఏ టెస్టు, కొత్త రిజిస్ట్రేషన్, అన్నీ మన నెత్తినే పడొచ్చు.

ఒక్క క్షణం "ఓకే" అనేద్దామనిపించింది.

"కలవట్లేదన్నయ్యా."

కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దిగాడు.

"అమ్మకి చెప్పకు, చూడ్డానికొచ్చానని."