“తప్పు లేదు” వేరు, “చూశాను, తప్పు లేదు” వేరు

రెండు వారాలుగా పోస్టులు లేవేంటని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒక ఈథర్నెట్ డ్రైవర్‌తో కుస్తీ పడుతున్నానండీ. ఇది దాని గురించే. కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, కానీ కోడ్ రాయనివాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు చెప్పడానికి చూస్తాను.

ఇక్కడ శాన్ హోసేలో నేను కాంట్రాక్ట్ మీద పనిచేసే చోట ఒక చిన్న పెట్టె తయారవుతోంది. ఆసుపత్రిలో మంచం పక్కన ఉండే మానిటర్ల రీడింగులన్నీ పోగేసి నర్సుల స్టేషన్‌కి పంపడం దాని పని. లోపల ఒక ఆర్మ్ చిప్, దాని మీద లినక్స్. పేరుకి గిగాబిట్ పోర్టు. టెస్ట్ పెడితే ప్రాసెసర్ వంద శాతం నిండిపోతోంది, స్పీడు మాత్రం 600 మెగాబిట్లు దాటట్లేదు. టైమంతా ఎక్కడ పోతోందని చూస్తే, చెక్‌సమ్ లెక్కల దగ్గర.

చెక్‌సమ్ అంటే ఏంటో మా నాన్న లెక్కలో చెప్తాను. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. డ్యూటీ దిగేముందు అమ్మిన టికెట్లన్నీ కూడి, సంచిలో డబ్బుతో సరిపోయిందా లేదా చూసుకునేవారు. ఇదీ అలాంటిదే. ప్యాకెట్‌ని రెండేసి బైట్ల అంకెలుగా తీసుకుని అన్నీ కూడతారు. పైకి పొంగిన అంకెని మళ్ళీ కిందే కలుపుతారు. చివర్లో బిట్లన్నీ తిరగేసి హెడర్‌లో రాస్తారు. అందుకున్నవాడు మళ్ళీ కూడి చూసుకుంటాడు. ఈ లెక్కని వేగంగా ఎలా చేయాలో 1988లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1071లో ఉంది. ఆ కూడికని ప్రాసెసర్‌తో కాకుండా నెట్‌వర్క్ హార్డ్‌వేర్‌తోనే చేయించుకోవడం చెక్‌సమ్ ఆఫ్‌లోడ్. మా చిప్‌కి అది వచ్చు. డ్రైవర్‌లో ఎవరూ రాయలేదు, అంతే. ఆ పని నాకు పడింది.

ముందు పంపే వైపు మొదలుపెట్టాను. ఫీచర్ ఫ్లాగ్ పెట్టాను, డిస్క్రిప్టర్‌లో బిట్ ఆన్ చేశాను, బోర్డు రీబూట్ చేశాను. పింగ్ పోతోంది. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం రాదు! పింగ్ చెక్‌సమ్‌ని లినక్స్ ఇంకా తనే లెక్కేస్తోంది కాబట్టి అది బాగానే ఉంది. టీసీపీ లెక్కే తప్పుతోంది. టీసీపీడంప్ పెడితే ప్రతి ప్యాకెట్‌కీ చెక్‌సమ్ తప్పు అని చూపించింది. ఒక రోజంతా దాన్ని నమ్మి తిరిగాను. అది ప్యాకెట్ హార్డ్‌వేర్‌కి చేరకముందే కాపీ తీసుకుంటుంది, ఆఫ్‌లోడ్ సరిగ్గా ఉన్నా తప్పనే చూపిస్తుంది. కేబుల్‌కి అవతల ఉన్న మెషీన్‌లో చూడాలి. అక్కడ చూస్తే అసలు సంగతి తెలిసింది. టీసీపీ లెక్కలో రెండువైపుల ఐపీ అడ్రసులు, ప్రోటోకాల్ నంబరు, పొడవు కూడా కలుస్తాయి. ఆ భాగాన్ని లినక్స్ ముందే కూడి చెక్‌సమ్ గడిలో పెట్టి ఇస్తుంది. మా చిప్ దాన్ని తనే ఇంకోసారి కూడుతోంది. పంపేముందు ఆ గడిని సున్నా చేసేసరికి పని అయిపోయింది.

అందుకునే వైపు ఇంకా తేలిక అనుకున్నాను. చిప్ ప్రతి ప్యాకెట్‌తో పాటు ఒక స్టేటస్ ఇస్తుంది. అందులో చెక్‌సమ్ ఎర్రర్ బిట్ సున్నా ఉంటే, ‘చెక్‌సమ్ అన్‌నెసెసరీ’ అని రాసి పైకి పంపేస్తాం. అంటే “చూడటం అయిపోయింది, నువ్వు మళ్ళీ చూడక్కర్లేదు” అని డ్రైవర్ లినక్స్‌కి మాటిచ్చినట్టు. నాలుగు లైన్ల కోడ్. స్పీడు 941కి ఎగిరింది. గిగాబిట్ మీద టీసీపీకి మామూలుగా వచ్చే గరిష్ఠం అదే. స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కి పంపాను. ఆవిడ పై వాళ్ళకి పంపింది. ఆ నెలలోనే నా కాంట్రాక్ట్ రెన్యూవల్. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ గురువారం ఊరికే ఒక టెస్ట్ రాశాను. పక్క మెషీన్ నుంచి కావాలని పాడుచేసిన ప్యాకెట్లు పంపడం. మామూలు ప్యాకెట్లని చిప్ సరిగ్గానే పట్టుకుంది. కానీ మా పెట్టెకి వచ్చే ఈసీజీ డేటా యూడీపీలో పెద్ద పెద్ద మూటలుగా వస్తుంది, 1500 బైట్లు దాటితే ముక్కలవుతుంది. ముక్కల్లో ఒక బైట్ మార్చి పంపాను. అప్లికేషన్ దాన్ని నిక్షేపంగా తీసుకుని గ్రాఫ్ గీసేసింది.

మాన్యువల్ మళ్ళీ తీశాను. ముక్కని విడిగా చూసి మొత్తం లెక్క సరిచూడటం ఎవరివల్లా కాదు కదా. అందుకని మా చిప్ వాటిని అసలు చూడదు. చూడలేదు కాబట్టి ఎర్రర్ కూడా లేదు! చూసిందా లేదా అనేది ఇంకో బిట్‌లో చెప్తుంది. దాన్ని నేను చదవలేదు. అన్ని ముక్కల మీదా నేను సరే అని ముద్రేశాను కాబట్టి, వాటిని అతికాక లినక్స్ కూడా మళ్ళీ చూడలేదు.

ఈథర్నెట్‌కి సొంత సీఆర్‌సీ ఉందిగా అంటారేమో. అది ఒక్కో కేబుల్‌కే కాపలా. దారిలో ఏ రౌటర్ మెమరీలోనో డేటా పాడైతే, ఆ పాడైన డేటాకే కొత్త సీఆర్‌సీ వేసి పంపిస్తుంది. 2000లో స్టోన్, పార్ట్రిడ్జ్ అని ఇద్దరు నిజమైన నెట్‌వర్కుల్లో కొలిచి చూశారు. 1,100 ప్యాకెట్లకొకటి నుంచి 32,000కొకటి దాకా టీసీపీ చెక్‌సమ్‌లో తప్పాయి. లినక్స్‌లోని వెత్ డ్రైవర్‌లో కూడా ఇలాంటి తప్పే ఏళ్ళ తరబడి ఉండి 2015 చివర్లో సరిచేశారు. నేనొక్కడినే కాదన్నమాట.

సరిచేయడం ఒక్క ‘ఇఫ్’. చూశానన్న బిట్ ఉండాలి, ఎర్రర్ బిట్ ఉండకూడదు. రెండూ కుదిరితేనే సరే. లేదంటే ‘చెక్‌సమ్ నన్’ అని పంపితే లినక్స్ తనే కూడుకుంటుంది. టీసీపీ స్పీడు అలాగే ఉంది కానీ, ఈసీజీ లోడ్ మీద ప్రాసెసర్ వాడకం మళ్ళీ పెరిగింది. అంటే పై వాళ్ళ దాకా వెళ్ళిన ఆ స్లైడ్ తప్పు. కోడ్ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మేనేజర్‌కి మెయిల్ రాయడానికి సాయంత్రం దాకా పట్టింది.

శుక్రవారం రాత్రి ఇంటికొస్తూ నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ శనివారం మధ్యాహ్నం, భోజనానికి కూర్చోబోతున్నారు. డ్రైవర్ అంటే బస్సు డ్రైవర్ కాదని మొదట్లోనే చెప్పాల్సి వచ్చింది. అంతా విని, “మా బస్సులోనూ ఎక్కేవాళ్ళురా చెకింగ్ వాళ్ళు. కొందరు ఒక్కో టికెట్ చూసి లెక్క సరిచూసేవాళ్ళు. కొందరు బస్సు కిక్కిరిసి ఉంటే ఫుట్‌బోర్డు మీద నుంచే సంతకం పెట్టి దిగిపోయేవాళ్ళు. కాగితం మీద రెండు సంతకాలూ ఒకేలా ఉండేవి” అన్నారు. తర్వాత “తిన్నావా?” అని అడిగారు.

మేనేజర్ సోమవారం మాట్లాడింది. కోప్పడలేదు, మెచ్చుకోలేదు. “ఆ టెస్ట్‌ని రోజూ నడిచే టెస్టుల్లో పెట్టు” అంది. పెట్టాను. రెన్యూవల్ కాగితం ఇంకా రాలేదు.

డ్రైవర్ పని చేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆఫ్‌లోడ్ ఆన్ చేశాక ఐపెర్ఫ్ నంబర్ చూసి ఆగిపోకండి. చెడ్డ ప్యాకెట్ ఒకటి మీరే తయారుచేసి పంపండి. మామూలుది, ముక్కలైంది, వీల్యాన్ ట్యాగ్ ఉన్నది, ఐపీవీ6ది. ఏది లోపలికి దూరిందో చూడండి. మీకెప్పుడైనా ఇలా దొరికుంటే కింద రాయండి, చదువుతాను.