మహాచిత్రదర్శనము

సూక్ష్మవస్తువులను జూచుటకు సూక్ష్మదర్శినియు, దూరవస్తువులను జూచుటకు దూరదర్శినియు నిర్మించుకొనిన మానవుడు, తుదకు వానితో దీసిన చిత్రమును జూచుటకే వేఱొక దర్శినిని వెదకుకొనవలసి వచ్చుట విధివైపరీత్యము గాక మఱేమి?

హబుల్ దూరదర్శినిని ఆకాశమున 411 తావులకు గుఱిపెట్టి తీసిన 7,398 ఛాయాచిత్రములను ఒక్కటిగా గూర్చి, 2015 జనవరిలో వెలువరించిన ఆండ్రోమెడా నక్షత్రవీథి చిత్రమునే తీసికొందము. దాని అడ్డము 69,536 పిక్సెళ్లు; నిలువు 22,230. జేపెగ్ ఫైలు ఒక్కొక్క వైపునకు 65,535 పిక్సెళ్లకు మించి యొప్పుకొనదు గావున, ఆ గగనసుందరి 4,001 పిక్సెళ్ల వెడల్పు మిగిలి యందిమిడజాలదు. పిక్సెలునకు మూడు బైట్ల చొప్పున లెక్కించిన 463 కోట్ల బైట్లు తేలును. టిఫ్ ఫైలో, తనలోని స్థానములను 32 బిట్ల సంఖ్యలతో గుర్తించునది గావున, 429 కోట్ల బైట్లు దాటినంతనే చేతులెత్తును. ఆ సంఖ్యలను 64 బిట్లకు బెంచిన బిగ్‌టిఫ్ పుట్టినది ఇట్టి యిక్కట్టుల వలననే.

అయినను, దాచుట కుదిరినంత మాత్రమున జూచుట కుదురునా? సామాన్యపు చిత్రదర్శినులు, చూపవలసినది గోరంతయైనను, ఫైలునంతయు విప్పి మెమరీలో నింపిన గాని తెఱ తీయవు. గుండిగెడన్నమును విస్తరిలో గ్రుమ్మరించి, ఇక భుజింపుడనెడి వడ్డన యిది. మన తెఱయో, 1920 అడ్డమును 1080 నిలువును గలదైనచో, 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లకు మించి యొక్కమాఱు చూపజాలదు. 154 కోట్లలోనుండి యా 20 లక్షలను మాత్రమే యేఱి తెచ్చుటయే మహాచిత్రదర్శినికి వలసిన నేర్పు.

ఈ నేర్పునకు దోహదము చేసినవారిలో చిత్రశాలలవారును గలరనుట నాకెంతయు ముచ్చట గొలుపును. వర్ణచిత్రముల రంగులు కాలక్రమమున నెట్లు మాఱుచున్నవో కొలుచుటకై 1989లో ఐరోపాలో నారంభమైన వాసరి ప్రణాళికయందు, ఆనాటి కంప్యూటర్ల మెమరీకి మించిన చిత్రములను ముక్కముక్కగా జదువుటకు విప్స్ అను సాఫ్ట్‌వేరు పుట్టినది. దాని సంతతియే నేటి విప్స్‌డిస్ప్ అను చిత్రదర్శిని. చిత్రమును చదరపు పలకలుగా గోసి, దానినే సగమునకు, మరల సగమునకు గుదించిన ప్రతులను గూడ నందే దాచినచో, దూరమునుండి చూచువారికి చిన్నప్రతియు, దగ్గఱకు వచ్చువారికి వారు చూచుచోటి పలకలును అందింపవచ్చును. మెట్టుమెట్టునకు పిక్సెళ్లు నాలుగవవంతగుచుండుటచే, ఆ ప్రతులన్నియు గలిపినను మూలములో మూడవవంతునకు మించవు. కణజాలమును బరీక్షించు వైద్యులకు క్యూపాత్, పటములు గీయువారికి క్యూజీఐఎస్ చేయు నుపకారమును నిట్టిదే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియమువారు 2022లో వెలువరించిన రెంబ్రాంట్ 'నైట్ వాచ్' ఛాయాచిత్రమున 71,700 కోట్ల పిక్సెళ్లు గలవు. ఆండ్రోమెడాకు మ్రాన్పడిన కంప్యూటరే, దానికంటె 460 రెట్లు పెద్దదైన యీ చిత్రమును బ్రౌజరులో నవలీలగా జూపును; వచ్చునవి వలసిన పలకలే గదా! కావున మహాచిత్రము చేతికి వచ్చినపుడు, కంప్యూటరు చాలదని దుకాణమునకు బరుగిడక ముందు, మన దర్శిని యింత చూపుటకై యెంత చదువుచున్నదో విచారించుట మేలు. మెమరీకి వెల గలదు; మంచి దర్శినులలో బెక్కు ఉచితములు.